దమ్ము అంటే నాకు తెలుసు

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. రెండక్షరాల మాట. దాని అర్థం తెలిసి కూడా తెలియనట్టు నిలబడ్డాను. తర్వాత తెలియదని నోటితోనే చెప్పాను. ఆ తర్వాత తెలియని మనిషిలాగే బతకడం అలవాటు చేసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నానేమో. సొంతవాళ్లతో చెప్పుకోవాల్సినవి పరాయివాళ్ల దగ్గర చెప్పుకోవడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బే.

మాది మొగుళ్లపల్లి దగ్గర ఒక పల్లె. నాయిన పత్తి వేసేవాడు, అవ్వ, అంటే అమ్మ, కూలికి పోయేది. డిగ్రీ కాగానే హైదరాబాదులో ఒక ఆఫీసుకు ఉద్యోగం అడగడానికి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన కంప్యూటర్ పని తెలుసా అని అడిగాడు. ‘ఎరుకే సార్’ అన్నాను. మా ఇంట్లో తెలుసు అనడానికి అదే మాట. ఆయన పక్కనున్నామె వైపు చూసి, ఎరుక చెప్పడానికి వచ్చిందట, చెయ్యి చూపించుకుందామా అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చెడ్డవాళ్లేం కాదు, టీ కూడా ఇప్పించారు. ఆ టీ తాగుతూ నేనూ నవ్వాను. బస్సులో మాత్రం ఏడుపు ఆగలేదు. మా అవ్వ మాటే నాకు పరువు తక్కువైందని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

తర్వాత విజయవాడ హాస్టల్లో ఉండి ఆసుపత్రి నిర్వహణ కోర్సు చదివాను. చదువుకంటే ఎక్కువ శ్రద్ధగా వాళ్ల మాట నేర్చుకున్నాను. వచ్చినం, పోయినం అన్నవి వచ్చాం, వెళ్లాం అయ్యాయి. ప్రతి మాట చివరా ‘అండీ’ తగిలించడం వచ్చేసింది. జనగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు అక్కడి మేనేజర్, మీది ఎటువైపండీ అని అడిగాడు. విజయవాడ దగ్గరేనండీ అన్నాను. కాగితాల్లో కాలేజీ అక్కడిదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అది పూర్తి అబద్ధం కూడా కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ మేనేజర్‌ది గుంటూరు వైపు. నడివయసు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు, కుటుంబం అక్కడే ఉంది. సెలవుకు ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా నాకో గోంగూర పచ్చడి సీసా తెచ్చేవాడు. మన పచ్చడి లేకపోతే మనకు ముద్ద దిగదు కదమ్మా అనేవాడు. ఆ ‘మన’లో నేను లేనని నాకొక్కదానికే తెలుసు. సీసా మాత్రం తీసుకునేదాన్ని. పచ్చడి బాగుండేది.

అవి రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఆసుపత్రి గేటుకు ఎదురుగా, రోడ్డవతల, దీక్షా శిబిరం ఉండేది. డప్పులు, పాటలు, మైకులు. మన మాటను ఎక్కిరిచ్చిన్రు, సిన్మాలల్ల మన యాసను రౌడీలకు, బపూన్లకు పెట్టిన్రు అని ఎవరో ఒకరు రోజూ మాట్లాడేవారు. అద్దాల తలుపు ఇవతల యూనిఫారం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అవన్నీ వినేదాన్ని. మనసులో చప్పట్లు కొట్టేదాన్ని కూడా. పైకి మాత్రం, ఏంటండీ ఈ గోల, పేషెంట్లకు ఇబ్బంది కదా అనేదాన్ని. రెండు నాల్కల మనిషి అని తిడతారు చూడండి, ఆ తిట్టు నా కొలతలు తీసుకుని కుట్టించినట్టే ఉంటుంది.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు సత్తెక్క పొద్దంతా ఆ శిబిరంలోనే కూర్చునేది. ఆమెకు నా ఊరు తెలుసు. మాది గీ దిక్కే అని తెలిస్తే కొలువు తీసేస్తరక్కా అని చెప్పి ఆమె నోరు కట్టేశాను. అలా తీసేస్తామని అక్కడ ఎవరూ అనలేదు. నేనే కల్పించాను.

ఒకసారి ఉద్యోగులందరికీ శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. ఎలా నిలబడాలి, ఎలా చూడాలి, ఎదుటివాళ్లు కోపంగా ఉంటే గొంతు ఎంత తగ్గించాలి, అన్నీ చేసి చూపించాడు. కౌంటర్‌లో మీరు కనబడే తీరే ఆసుపత్రి పరువు అన్నాడు. ఒత్తిడి ఎక్కువైతే కళ్లు మూసుకోనక్కర్లేదు, ముక్కుతో నిదానంగా గాలి పీల్చుకుని, కాసేపు నిలిపి, నోటితో వదలండి, ముఖం మీద నవ్వు మాత్రం చెదరనివ్వకండి అని నేర్పాడు. నాకది బాగా వచ్చింది. ఆయన నన్ను ముందు నిలబెట్టి, ఇదిగో, ఇలా ఉండాలి అని మిగతావాళ్లకు చూపించాడు. నా జన్మలో నన్ను చూసి నేర్చుకోమని ఒకరు చెప్పడం అదే మొదలు. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఇక ఆ రోజు సంగతి.

రాస్తారోకో ఉంది. బస్సుల్లేవు, ఆసుపత్రిలో జనం తక్కువ. యాజమాన్యం తరఫున ఇద్దరు పెద్దమనుషులు ముందురోజే వచ్చి చిక్కుపడిపోయారు. రిసెప్షన్ మొత్తానికి నన్ను ఇన్‌ఛార్జిని చేద్దామని మేనేజర్ వాళ్లకు చెబుతున్నాడు. నన్ను చూపిస్తూ కౌంటర్ పక్కనే నిలబడ్డాడు. నేను చేతులు ముందుకు కట్టుకుని, నేర్పిన నవ్వు నవ్వుతున్నాను. అప్పుడు తలుపు నెట్టుకుని ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చీర మోకాళ్ల దాకా దుమ్ము. జఫర్‌గఢ్ అవతలి పల్లె నుంచి ఆటోలో అడ్డదారులు పట్టి వచ్చి, దారి మూసేసిన దగ్గర దిగి, మొగుణ్ణి పట్టుకుని నడిపించుకొచ్చిందని తర్వాత తెలిసింది. పేరు కొమురమ్మ అని కూడా తర్వాతే తెలిసింది.

“బిడ్డా, మా ఆయన ఆడ మెట్ల కాడ దమ్ము గుంజుతుండు. జర జల్ది చూడుండ్రి.”

దమ్ము అంటే మా దగ్గర ఊపిరి. దమ్ము గుంజుతుండు అంటే ఊపిరి అందక ఎగబీలుస్తున్నాడు అని. చివరి రోజుల్లో మా తాతకు అలాగే అయ్యేది, ఇల్లంతా ఆ మాటే వినబడేది. గుంటూరు వైపు దమ్ము లాగడమంటే సిగరెట్ పీల్చడం. మేనేజర్ ఆ అర్థమే తీసుకున్నాడు. వచ్చిన పెద్దమనుషుల వైపు చూసి చిన్నగా నవ్వి, దమ్ము లాగుతున్నాడటండీ అన్నాడు. ఆమెతో, ఇక్కడ సిగరెట్లు కాల్చకూడదమ్మా, కాల్చడం అయ్యాకే లోపలికి రమ్మను అన్నాడు. పెద్దమనుషులు గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వాను. ఈ మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆమె వాళ్లను వదిలేసి నా వైపు తిరిగింది. నా ముఖంలో ఏం కనబడిందో మరి. మన మాట తెలిసిన మనిషి ముఖం దాచినా దాగదేమో. “నీకన్న సమజయిందా బిడ్డా?” అని అడిగింది.

అయింది. ఆమె నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే అయింది. సార్, ఆయనకు ఆయాసం, స్ట్రెచర్ పంపండి అంటే సరిపోయేది. అంతకంటే ఏం కావాలి? కానీ అంటే, నీకెలా తెలుసమ్మా అని ఎవరో ఒకరు అడుగుతారు. పచ్చడి సీసాలు గుర్తొచ్చాయి. ఎరుక చెబుతుందట అన్న నవ్వు గుర్తొచ్చింది. ఇవన్నీ నిజంగా అప్పుడు గుర్తొచ్చాయా, లేక నన్ను నేను వెనకేసుకురావడానికి తర్వాత పేర్చుకున్నానా? ఏమో. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇదీ.

“కొంచెం సరిగ్గా చెప్పండమ్మా.”

ఆమె తడబడింది. తన మాటలో ఏదో తప్పుందనుకుంది. సినిమాల్లో విన్నదో, ఆఫీసుల్లో విన్నదో, మా లాంటివాళ్ల మాటను వెతుక్కుంది. “ఆయనకు… దమ్ము… అందుతలేదండీ” అంది. ఆ ‘అండీ’ని ఆమె జీవితంలో ఎప్పుడైనా అని ఉంటుందా? మొగుడు మెట్ల మీద కొట్టుకుంటుంటే ఆమె నా కోసం మర్యాద నేర్చుకుంటోంది. నేను ముక్కుతో గాలి పీల్చి, కాసేపు నిలిపి, నోటితో వదిలాను. నేర్పినట్టే. నా దమ్ము నాకు బాగానే అందింది.

ఇక మాటలు లాభం లేదని ఆమె రొమ్ము మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి ఎగబీల్చి చూపించింది. అప్పుడు మేనేజర్‌కు అర్థమైంది. అయ్యో ఆయాసమా అంటూ పరుగెత్తాడు. స్ట్రెచర్ వచ్చేదాకా ఆగకుండా ఆ మనిషిని తనే రెండు చేతులా ఎత్తుకుని తెచ్చాడు. ఆయన చొక్కా అంతా ఆ మనిషి వాంతితో తడిసింది. అది నేను చూశాను. తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఎంతసేపు ఆలస్యమైంది? గడియారం చూస్తే పెద్ద సేపేం కాదు. ఆ మనిషి ఆ మధ్యాహ్నమే పోయాడు. గుండె ముందే దెబ్బతిని ఉందని, తేవడమే ఆలస్యంగా తెచ్చారని డాక్టర్ అన్నాడు. కాస్త ముందు చూసి ఉంటే బతికేవాడా అని నేనే అడిగాను. చెప్పలేం అన్నాడు. బతికేవాడు అంటే ఒక తీరు, బతికేవాడు కాదు అంటే ఒక తీరు. చెప్పలేం అంటే మనిషి ఏం చేయాలి?

కొమురమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. గట్టిగా ఏడవలేదు. మంచినీళ్లు తీసుకెళితే నా చెయ్యి పట్టుకుంది. “నాకు సక్కగ చెప్పరాకపాయె బిడ్డా. నా నోరు పాడుగాను” అంది. సదువుకున్నదానిలెక్క చెప్పి ఉంటే బతికేటోడని తనలో తనే అనుకుంది. అప్పుడైనా ఒక్క మాట అనవచ్చు. ‘అవ్వా, నీ తప్పు లేదు’ అని మా ఇంట్లో ఎలా అంటామో అలా అంటే చాలు. బాధపడకండమ్మా, ధైర్యంగా ఉండండి అన్నాను. ఆ కౌంటర్ మాటే. చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది.

సాయంత్రం ఇంటికి పోగానే సత్తెక్క దగ్గర బోరుమన్నాను. ఏమైందే అంటే చెప్పాను. మేనేజర్‌కు మన మాట తెలియక నవ్విండని, ఆ ముసలామె మొగుడు సచ్చిపోయిండని చెప్పాను. నేను నవ్వింది చెప్పలేదు. ఆమె నన్ను అడిగింది చెప్పలేదు. ఆయన ఎత్తుకొచ్చింది కూడా చెప్పలేదు. కావాలని చెప్పలేదా? నేను అప్పటికి మంచిదాన్నిగా మిగలాలి, అంతే. మిగతాది అదే జరిగిపోతుందని నాకు తెలియదా? సత్తెక్క నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే ఆ కథ శిబిరం మైకులో వినబడింది.

జనం ఆసుపత్రి ముందుకు వచ్చారు. వాళ్ల కోపంలో తప్పేమీ లేదు. ఎన్నేళ్ల నుంచో నవ్వులపాలైన మాట అది, ఇప్పుడు ప్రాణమే పోయింది. మేనేజర్ బయటికి వచ్చి చేతులు జోడించాడు. దమ్ము అంటే ఏందో అందరి ముందు చెప్పమన్నారు. ఊపిరి అన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అద్దాల తలుపు వెనక నేను నిలబడి చూశాను. యాజమాన్యం ఆ వారంలోనే ఆయన్ను పొమ్మంది.

వెళ్లే రోజు సామాను ఆటోలో పెట్టించి నా దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

“అమ్మా, ఒక్కటి అడుగుతాను. దమ్మంటే ఊపిరని మీకు ముందే తెలుసా?”

“తెలియదండీ.”

“అంతేలే, మీకు మాత్రం ఎలా తెలుస్తుంది. తెలిసిన మనిషి ఒక్కరు పక్కనుంటే బాగుండేది.”

నిజంగానే అడిగాడా, అనుమానంతో అడిగాడా? ఎన్నిసార్లు తలుచుకున్నా తేలలేదు. ఆయన కళ్లలో అనుమానం లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. తను వాడుకుంటున్న, సగం ఖాళీ అయిన పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కొంతకాలానికి ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. స్థానికులు ఉంటే మంచిదని యాజమాన్యం అనుకుంటున్నట్టు తెలిసి, సార్, నిజానికి మాది మొగుళ్లపల్లే అని చెప్పుకున్నాను. అప్పుడు మాత్రం నోరు ఎంత బాగా పెగిలిందో.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, సత్తెక్కతో కలిసి రోడ్డు మీద ఎగిరాను. నా సంతోషం అబద్ధం కాదు, అది మాత్రం నమ్మండి. మన మాటకు విలువ వచ్చింది. నాకూ వచ్చింది. ఇప్పుడు మానుకోటలో ఉంటున్నాను. మహబూబాబాద్‌ను మేమంతా అలాగే అంటాం. కొలువులకు పోయే పిల్లలకు శిక్షణ ఇస్తాను. ఒత్తిడి ఎలా తట్టుకోవాలి, నలుగురిలో ఎలా నిలబడాలి, అవే పాఠాలు. మీ యాసకు సిగ్గుపడకండి అని మొదలుపెడతాను, పిల్లలు చప్పట్లు కొడతారు. నాకంటూ వచ్చిన పేరంతా ఆ ఒక్క మాట మీదే వచ్చింది.

ఇంకా సిగ్గులేని సంగతి వినండి. కొమురమ్మ కథను నేను క్లాసులో చెబుతాను. ఆ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి మన మాట రాదు పాపం అని చెబుతాను. చెప్పీ చెప్పీ ఆ అమ్మాయి ఎవరో వేరే మనిషి అయిపోయింది.

మొన్న కూడా అలాగే చెప్పాను. చప్పట్లు అయ్యాక వెనక బెంచీలోంచి ఒక తండా పిల్ల లేచింది. ఇంట్లో లంబాడీల గోర్ భాష మాట్లాడే పిల్ల, బట్టల దుకాణంలో పనిచేస్తోంది. వాళ్ల తండా ముసలామె ఒకామె వచ్చి తమ మాటలో ఏదో అడిగితే, షావుకారి ముందు సిగ్గనిపించి అర్థం కానట్టు నిలబడిందట. ఆమె ఉత్త చేతులతో పోయిందట. అది చెబుతూ ఆ పిల్ల అందరి ముందూ ఏడ్చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని నన్ను అడిగింది, “గా కౌంటర్ల ఉన్నామెకు నిజంగనే తెల్వదా మేడం?” అని.

నేను ముక్కుతో గాలి పీల్చాను. నిలిపాను. వదిలాను. తెలియదమ్మా అన్నాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. వారం తిరగకముందే జఫర్‌గఢ్ పోయి, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్లాను. కొమురమ్మ బతికే ఉంది. నడుం వంగిపోయింది. వాకిట్లో పత్తి కట్టె విరుస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. చదువుకున్నదాన్ని, చేతిలో సంచి ఉంది, ఏ ఆఫీసు నుంచో వచ్చానని అనుకుంది. నేను నోరు తెరిచేలోపే లోపలికి తిరిగి మనవరాల్ని కేకేసింది. “నాకు మాట్లాడరాదు బిడ్డా. మా పోరి మాట్లాడుతది” అంది.

తాత పోయినప్పటి నుంచీ అంతేనట. మనవరాలు నవ్వుతూ చెప్పింది. బ్యాంకుకు పోయినా, దవాఖానకు పోయినా, బడికి పోయినా ఆమె నోరు తెరవదు, ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని పోతుంది. ఒకసారి తనకే జ్వరమొచ్చి పడిపోతే డాక్టర్ ఎన్ని అడిగినా నోరు మెదపలేదట. ఇంట్లో ఐతే ఒకటే ముచ్చట్లు మేడం, బయట ఎందుకట్ల చేస్తదో ఏమో అంది ఆ పిల్ల.

ఎందుకో నాకు తెలుసు. నీళ్లు తాగాను. దారి తప్పి వచ్చానని చెప్పాను. ఆటో స్టాండు దాకా నడిచి వెనక్కి వచ్చేశాను.

మళ్లీ వెళతానా? వెళతానని మీకు మాటివ్వలేను. నా మాట ఎలాంటిదో మీరు చూశారు కదా. గుంటూరు వైపు ఆ పెద్దాయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలి, నాకది ఉందని అనుకోను. కానీ ఇంతకాలం ఎక్కడా అనని మాటను ఒక్కసారి, కనీసం ఈ కాగితం మీదైనా, మా ఇంటి మాటలో అనాలి. అంటే ఛాతీ మీద బరువు కాస్తయినా కదులుతుందేమో. కదులుతోంది కూడా. కొమురమ్మకు చదవడం రాదు. అయినా ఆమెకే రాస్తున్నాను.

అవ్వా, నువ్వు సక్కగనే చెప్పినవ్. నాకు సమజయింది. గప్పుడే సమజయింది.